నర్మద పేరున వచ్చిన గేర్‌బాక్స్

కరీంనగర్ బైపాస్ రోడ్డు మీది ఆ సర్వీస్ సెంటర్‌లో కార్లవాళ్ళు కూర్చునే గది ఎప్పుడూ చల్లగా ఉంటుంది. మెత్తటి సోఫాలు, కాఫీ మిషను, ఒక పక్కంతా అద్దం. అద్దంలోంచి చూస్తే షెడ్డులో ఎవరి కారు వాళ్ళకు కనిపిస్తుంది. నర్మద కారు మూలన, బానెట్ లేపి, ఒంటి నిండా దుమ్ముతో నెలన్నరగా అక్కడే పడి ఉంది.

నర్మద మంచిర్యాలలో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ గది నర్సు. ఇల్లు నస్పూర్. మూడేళ్ళ కిందట డ్యూటీకి పోతుంటే బొగ్గు టిప్పర్ ఒకటి ఆమె స్కూటీని గుద్దేసి పోయింది. ఎడమ కాలులో రాడ్ వేశారు. కాలు నిలిచింది గాని మోకాలు సగమే వంగుతుంది. క్లచ్ తొక్కే పనిలేని బండయితే నడుపుకోవచ్చని డాక్టరే చెప్పాడు. భర్త సదానందానికి బొగ్గుబాయిలో షిఫ్టులు. ఆమెను దింపి రావడం అతనికి కుదరదు. అందుకే ఆటోమేటిక్ గేర్ల కారు కొన్నారు. వారంటీ అయిపోయి ఎంతో కాలం కాకముందే గేర్‌బాక్స్ పోయింది. లోపలి చిన్న ముక్క మార్చడం ఉండదట, మొత్తం డబ్బా మార్చాల్సిందేనట. ఆ డబ్బా ఖరీదుకు ఇంకో పాత కారు వస్తుంది. దానికీ ఒప్పుకుని పైసలు ముందే కట్టింది. అయినా పార్టు రాలేదు.

ఆ గదిలోనే ఆమెకు సిద్దిరాములు, స్టీఫెన్ పరిచయమయ్యారు. సిద్దిరాములుకు మంచిర్యాలలో టైల్స్ దుకాణం. అతనిదీ ఆమె కారులాంటిదే, జబ్బూ అదే. కాకపోతే తెల్లది, ఇంకా కుదుపుకుంటూ నడుస్తోంది. స్టీఫెన్‌ది ఖానాపూర్. షార్జాలో పన్నెండేళ్ళు డ్రైవరుగా చేసి వచ్చి, సొంతానికి అన్ని సౌకర్యాలూ ఉన్న బండి కొనుక్కున్నాడు.

"స్క్రీన్ పోయిందన్నా" అన్నాడు స్టీఫెన్ ఆ మొదటి రోజు. "ఏసీ ఎయ్యాల్నన్నా స్క్రీనే, అద్దం మీది ఆవిరి పోవాల్నన్నా స్క్రీనే. ఒక్క గుండీ లేదు. అరబ్బోని బండ్లు గన్ని తోలిన గాని గింత పరేషాన్ ఎన్నడు కాలే."

"మా పిల్లలు పైకప్పు తెరుసుకునే బండే గావాలన్నరు" అన్నాడు సిద్దిరాములు. "ఒక్క వాన గొట్టింది, సీట్లన్ని నానినయ్. మా బాపు జీపు ఆగిపోతే దిగి రెండు దెబ్బలు గొట్టేటోడు, నడిచేది. గిప్పుడు లాప్‌టాప్ పెడితే గాని రోగమేందో చెప్పరు. గేర్లు మార్సుకునుడు గూడ బరువైంది మనకు. సుఖానికి మరిగినం, గిట్లనే గావాలె."

స్టీఫెన్ నవ్వాడు. నర్మదకు నవ్వు రాలేదు.

"నాది సుఖానికి కాదన్నా" అని చీర కుచ్చిళ్ళు జరిపి మోకాలి మీది కుట్ల గీత చూపించింది.

సిద్దిరాములు మొహం మారిపోయింది. లేచి వెళ్ళి స్వయంగా కాఫీ పట్టుకొచ్చి ఆమె చేతికిచ్చాడు. "తెల్వక అన్న చెల్లె, మనసుల వెట్టుకోకు. ముగ్గురం ఒక్క మాట మీద ఉందాం. ఒక్కరొక్కరమైతే వీళ్ళు లెక్కచెయ్యరు. అవసరమైతే కన్స్యూమర్ కోర్టుకు పోదాం. నీ పనయ్యేదాక నేను ఊకోను" అన్నాడు.

ఆ మాట ఆమె నమ్మింది. నమ్మడానికి కారణం కాఫీ కాదు. ప్రమాదం జరిగినప్పటి నుంచి ఎవరూ ఆమె పక్షాన కోపం తెచ్చుకోలేదు. పాపమన్నారు, అంతే. ఇతను కౌంటర్ దగ్గర నిలబడి ఆమె గురించి గట్టిగా అడిగాడు. అందుకే, పార్టు పూణె నుంచి బయలుదేరింది, గురువారం వచ్చి కారు తీసుకోండి అని ఫోన్ వచ్చినప్పుడు, సదానందానికన్నా ముందు సిద్దిరాములుకు చెప్పింది.

"ఎంత మంచి మాట చెప్పినవ్ చెల్లె" అన్నాడతను. "గురువారమేనా? ఖాయమేనా?"

గురువారం సెలవు పెట్టి బస్సెక్కింది. పెద్దపల్లి దాకా నిలబడే రావలసి వచ్చింది. కౌంటర్‌లోని అబ్బాయి ఆమెను చూడగానే కంప్యూటర్ వైపు తిరిగాడు.

"పార్టు వచ్చింది మేడం. కాని పైనుంచి ఫోన్ వచ్చింది, అర్జెంట్ కేసు ఒకటుండె. మీకు మళ్ళ ఆర్డర్ వెట్టినం."

"నాకన్న అర్జెంట్ ఎవలకున్నది?"

అతను కంప్యూటర్ చూస్తూనే, మేనేజర్ హైదరాబాద్ మీటింగుకు వెళ్ళాడన్నాడు. నర్మద అద్దం వైపు చూసింది. ఆమె కారు మూలనే ఉంది, బానెట్ లేచే ఉంది. ఇవతల సిద్దిరాములు తెల్ల కారును నీళ్ళు కొట్టి కడుగుతున్నారు.

సోఫాలో స్టీఫెన్ తలవంచుకుని కూర్చున్నాడు. ఆమె వెళ్ళి పక్కన కూలబడింది.

"నిన్ననే గా తెల్ల బండికి ఎక్కిచ్చిన్రక్కా" అన్నాడు మెల్లగా. "నేను ఈడనే ఉన్న. డబ్బా మీద నీ పేరే ఉండె."

"మరి నాకెందుకు చెప్పలే? బస్సన్న ఎక్కకపోయేదాన్ని గద."

స్టీఫెన్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "నా స్క్రీన్ రేపు వస్తదన్నరక్కా. గీ టైంల లొల్లెందుకని."

అంతలో సిద్దిరాములు తాళంచెవి పట్టుకుని వచ్చాడు. ఆమెను చూసి ఒక్క క్షణం ఆగాడు గాని వెనక్కి తిరగలేదు.

"చెల్లె, నీది తియ్యుమని నేను అనలే. మా బామ్మర్ది దోస్తు గీ కార్ల కంపెనీల ఉంటడు, ఆయనతోటి జర చెప్పిచ్చిన, గంతే. ఆదివారం వరంగల్‌ల మా తమ్ముడు కొత్తింట్లకు పోతుండు."

"ఇంట్ల ఇంకో బండి ఉన్నదంటివి గదన్నా."

"అది చిన్నది. అందరం పట్టం."

ఆమె సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. కూర్చుంటే ఏదో జరుగుతుందని కాదు, లేచి పోతే ఒప్పుకున్నట్టవుతుందని. మేనేజర్ ఫోన్ ఎత్తలేదు. స్టీఫెన్ చెప్పకుండానే వెళ్ళిపోయాడు. గది ఊడ్చేవాళ్ళు వచ్చారు. కాలు వాచి చెప్పు బిగుసుకుపోయింది.

ఆమె గేటు దగ్గరికి వచ్చేసరికి, బజారులో పని చూసుకుని వస్తున్న సిద్దిరాములు కారు ఆపాడు. "నేను మంచిర్యాలకే. నస్పూర్ దాక దింపుత, రా చెల్లె."

వద్దనడానికి నోరు తెరిచింది. బస్టాండుకు ఆటో, బస్సులో నిలబడటం, మంచిర్యాలలో దిగి మళ్ళీ ఆటో, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. తలుపు తీసి ఎక్కి కూర్చుంది.

అతను బటన్ నొక్కాడు. ఆమె సీటు దానంతటదే వెనక్కి జరిగింది. "కాలు సాపుకో. సీట్లనుంచి సల్లగాలి గూడ వస్తది."

కారు రోడ్డెక్కింది. తన కారు ఎక్కడ కుదుపుతుందో నర్మద ఒంటికి తెలుసు. స్పీడ్ బ్రేకర్ దాటాక ఒకసారి, ఎత్తు ఎక్కుతుంటే మరొకసారి. ఆ చోటు వచ్చినప్పుడల్లా ఆమె తెలియకుండానే డోర్ పట్టుకునేది. కుదుపు వచ్చేది కాదు. గేరు మారినట్టే తెలియలేదు. సిద్దిరాములు టైల్స్ ధరల గురించి, వరంగల్ ఇంటి గురించి చెబుతూనే ఉన్నాడు.

గోదావరి వంతెన మీద ఆమె అడిగింది. "డబ్బా మీద నా పేరు సూసినవా అన్నా?"

"పేర్లదేమున్నది. ఏదో రాస్తుంటరు" అని ఏసీ పెంచాడు.

నస్పూర్‌లో సదానందం గేటు దగ్గరే ఉన్నాడు. విషయం వినకుండానే సిద్దిరాములు చెయ్యి పట్టుకున్నాడు. "గా కాలుతోటి బస్సుల ఎట్లొస్తదో అని ఫికర్ అయితుండె అన్నా. ఇంత దూరం దింపిన్రు, జర చాయ్ తాగి పోర్రి."

సిద్దిరాములు మొహమాటపడి కూర్చున్నాడు. నర్మద వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగించింది. మాటలు వినిపిస్తున్నాయి. మీ బండి ఎట్ల బాగైందని సదానందం అడిగితే, నసీబ్ ఉండి పార్టు దొరికిందన్నాడు అవతలివాడు. చాయ్ తెచ్చి ఇచ్చింది. బిస్కెట్లు తెమ్మన్నాడు భర్త. డబ్బా నిండుగా ఉంది. లేవంది.

అతను వెళ్ళాక సదానందం "మంచోడే పాపం" అన్నాడు. అప్పుడు చెప్పింది. అతను కుర్చీ వైపు, ఖాళీ కప్పు వైపు చూశాడు. "మరి గా బండి ఎందుకెక్కినవు?"

"నిలవడ శాతగాక" అంది నర్మద.

మళ్ళీ ఆ మాట ఎత్తలేదతను.

ఆమె గేర్‌బాక్స్ వానలు వెళ్ళిపోయాక వచ్చింది. అప్పటికి రాత్రి డ్యూటీలకు రాలేకపోతోందని ఆసుపత్రివాళ్ళు ఆమెను పగటి పూట ఓపీ చీటీలు రాసే చోట కూర్చోబెట్టారు. ఆపరేషన్ గది ఇంకొకరికి ఇచ్చేశారు. కారు ఇంటికి వచ్చిన రోజు సదానందం టెంకాయ కొడదామన్నాడు. ఆమె వద్దంది. డ్యూటీకి వేళయిందని బయలుదేరింది.