ఎల్లయ్య యాడ్‌కు పొద్దున్నే బోణీ

మాదన్నపేటలో తనకు తెలియని సంగతి లేదని ఎల్లయ్యకు గట్టి నమ్మకం. బర్రె ఈనడం మొదలు ప్రభుత్వం పడిపోవడం దాకా దేనిమీదైనా ముందుగా తీర్పు చెప్పేది ఆయనే. అంతటి మనిషి ఫోన్ ప్రకటనల చేతిలో ఎట్లా చిక్కాడో తలుచుకుంటే ఆయనకే ఇప్పుడు నవ్వొస్తుంది. నవ్వు వెనకాలే ఏడుపూ వస్తుంది.

తాతల నాటి పాల వ్యాపారం ఆయనది. పాలు పోసిన గల్లీల్లోకి ప్యాకెట్లు, యాప్‌లు దూరేసరికి, జల్‌పల్లి కొత్త కాలనీల్లో దుకాణానికని ఒక మడిగె కిరాయికి తీసుకుని భార్య బాలమ్మ చేసే కోవ, పెరుగు పెట్టాడు. మడిగె నడిస్తే బర్రెలు ఇంట్లో ఉంటాయి, నడవకపోతే వాటిని అమ్ముకోవాలి. బాలమ్మ ఒక్కో బర్రెను పేరు పెట్టి పిలుస్తుంది.

ఆఫీసులో పనిచేసే కోడలు నందిని ఫోన్‌లో యాడ్ పెట్టించింది. "మామా, ఎవలన్న గీ యాడ్ నొక్కితే కంపెనీ మన పైసలు కోస్తది. రోజుకు ఇంతని కట్టినం, అవి ఒడిసినంక యాడ్ కనవడది," అని చెప్పింది. ఎల్లయ్య తలూపాడు. తలూపడంలో ఆయనను మించినవాడు లేడు, వినడంలోనే కొంచెం వెనక.

మర్నాడు పాలు పితికి, స్నానం చేసి ఫోన్ తెరిస్తే తన యాడ్ ధగధగలాడుతూ కనిపించింది. బోణీ కాని దుకాణం దుకాణమా? కళ్లకద్దుకుని నొక్కాడు. అక్కడితో ఆగినా బాగుండేది. బోణీ మంచి చేత్తో కావాలని చెల్లెలు కొమురమ్మకు ఫోన్ చేశాడు. ఆమె తన తోడికోడళ్లకు చెప్పింది. వాళ్లు మాదన్నపేటలోనే ఉన్న పుట్టిళ్లకు చెప్పారు. రోజూ తెల్లారేసరికి బంధుబలగమంతా ప్రేమగా నొక్కేవాళ్లు. ఒక్కరూ కోవ కొనలేదు. చుట్టాలు కోవ కొనుక్కుంటారా, ఎక్కడైనా?

యాడ్ బ్రహ్మాండంగా నడుస్తోందని, పైసలు పెంచితే ఇంకా నడుస్తుందని కంపెనీ నుంచి కబురొచ్చింది. ఎల్లయ్య మీసం దువ్వుకుని పెంచాడు. జల్‌పల్లి మడిగెలో మాత్రం ఈగలే గిరాకీ.

ఒళ్లు మండిపోయి పాలవాళ్ల సంఘం మీటింగులో లేచి నిలబడ్డాడు.

"మన పాలల్ల చుక్క నీళ్లు కలిస్తే సర్కారోళ్లు గొట్టం ముంచి చూసి జుర్మానా ఏస్తరు. మరి గీ యాడ్ కంపెనోళ్ల నొక్కుళ్లల్ల ఎన్ని నీళ్లున్నయో చూసే గొట్టం ఏడున్నది? తరాజు వాళ్లదే, పట్టుకునుడు వాళ్లే!"

చప్పట్లే చప్పట్లు. సంఘం పెద్ద గుండయ్య ఆయన మెడలో దండ వేశాడు. వ్యాపారుల ఫిర్యాదులు వినే అధికారి దగ్గరికి ఎల్లయ్యే పోవాలని తీర్మానించారు.

దండతోనే ఇంటికొచ్చేసరికి నందిని ఫోన్ చూస్తోంది. "మామా, నొక్కినోళ్లందరు మాదన్నపేటోళ్లే, అంత తెల్లారుజామునే. ఎవలు?"

ఎల్లయ్య మెల్లగా దండ తీయబోయాడు. బాలమ్మ అందుకుంది. "ఇంకెవలు, బోణీలోళ్లు! ఇంటి దొంగను ఈశ్వరుడు సుత పట్టడంటరు. మా ఇంటి దొంగ దండేసుకొని మరీ వచ్చిండు!"

సిగ్గుతో ఆయనకు ఆ పూట బువ్వ సయించలేదు. గుండయ్యకు చెప్పుకుంటే, "గా ముచ్చట నోట్లకెల్లి రానియ్యకు, ఫిర్యాద్ ఖతమైతది," అన్నాడు.

అధికారి రఘురామ్ కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. అంతా విని, "ఎవరు నొక్కి ఉంటారో మీకేమైనా అనుమానముందా, ఎల్లయ్యగారూ?" అని అడిగాడు. పక్కనున్న గుండయ్య ఆయన తొడ గిల్లాడు. ఎల్లయ్య నోరు అబద్ధానికి తెరుచుకుంది కానీ, నీళ్లు కలపొద్దని ఊరంతా వినేట్టు అరిచింది ఆ నోరే.

"మేమే నొక్కినం సార్. నేను, మా చెల్లె, మా చుట్టాలు."

రఘురామ్ నవ్వాపుకోలేకపోయాడు. "అయితే ఇందులో కంపెనీ తప్పేముందండీ?"

ఎల్లయ్యకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మా బర్రె ఈనిందని నేను ఎవ్వరికి చెప్పకముందే నా ఫోన్ల దాణా యాడ్ ఏసిండ్రు సార్. మా బాలమ్మకు మోకాళ్ల నొప్పులని నాకంటె ముందు వాళ్లకే ఎర్క. గసుంటోళ్లకు, మా చెల్లె రోజు నొక్కేది కోవ కొననీకె కాదని ఎర్క లేదా? ఎర్కుండే కోసుకున్నరు. నా తప్పు నాకు చెప్పనీకె ఇంటినిండ మంది ఉన్నరు. వాళ్లకు చెప్పేటోళ్లు ఎవలు?"

రఘురామ్ నవ్వు ఆగిపోయింది. కలం తీశాడు. "ఈ మాట పైకి రాస్తాను. ఏమవుతుందో చెప్పలేను. కానీ మీరు నొక్కిన సంగతీ రాయాలండీ. మీ సంఘం పేరున పోతుంది, అందరూ చదువుతారు."

"నవ్వులపాలైతవురా ఎల్లన్నా, వద్దు," అని గుండయ్య చెవిలో గొణిగాడు.

"నవ్వుకోనీయి గుండన్నా. రేపు బర్రెలు పోతె నాతోటి ఏడ్వనీకె ఒక్కడు రాడు," అని ఎల్లయ్య సంతకం చేశాడు.