పాయ మధ్యలో తిప్పిన పడవ

ఖుర్షిదాకు ఐదేళ్ళప్పుడు తండ్రి విషజ్వరంతో పోయాడు. కొన్నాళ్ళకు తల్లి అమీర్‌బీని ఆమె అన్నలు కృష్ణానది ఒడిలో, లంక మీద కాపురముండే నాగూర్ వలికి మారుమనువిచ్చారు. పిల్లను మాత్రం నాయనమ్మ జైతున్‌బీ పంపలేదు. తన కొడుకు బిడ్డ తన దగ్గరే ఉంటుందని, ప్రత్తిపాడు పక్క మిరపచేల ఊళ్ళో తనే పెంచింది. కోడలి మీద ఆమె కోపం ఏళ్ళ తరబడి నడిచింది. పంతొమ్మిదివందల అరవై ఒకటి చలికాలంలో, పిల్లకు సంబంధాలు రావడం మొదలయ్యాక, ముసలామె మెత్తబడింది. మిరపకోతలు మొదలయ్యేలోగా ఒకసారి తల్లిని చూసి రమ్మని, తెలిసినవాళ్ళను తోడిచ్చి తెనాలి రైలెక్కించింది.

కరకట్ట దిగువ రేవులో నాగూర్ వలి పడవతో కాచుకుని ఉన్నాడు. బావినీళ్ళు తప్ప ఎరగని పిల్ల, ఆ పాయ దాటేంతసేపూ పడవ అంచులు రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకునే కూర్చుంది.

తల్లీకూతుళ్ళకు మొదట్లో మాటలు కుదరలేదు. అమీర్‌బీ తల దువ్వేది, మొక్కజొన్న పొత్తులు కాల్చి పెట్టేది, రాత్రి చలికి తన బొంత కూడా తీసి కప్పేది. పాత సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఖుర్షిదా పొద్దున్నే రేవులోకి పోయి, మంచులోంచి పడవలు రావడం చూస్తూ నిలబడేది. అది గమనించి ఒకరోజు నాగూర్ వలి పడవ తోసే గెడ ఆమె చేతికిచ్చాడు. గెడ నిలువుగా దించాలని, అడుగు తగిలాక ఒళ్ళంతా వాల్చి తొయ్యాలని, ఇసకలో దిగబడితే తిప్పి లాగాలని చెప్పాడు. రెండుసార్లు నీళ్ళలో పడింది. మూడోనాటికి అరటిగెలల పడవను అవతలి రేవుకు తనే తోసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. వాటిని తల్లికి చూపించి గర్వంగా నవ్వింది. అయినా నాగూర్ వలిని ఏమని పిలవాలో తెలియక, ఏ వరసా కలపకుండానే మాట్లాడేది.

వెళ్ళే రోజు వచ్చింది. పడవ తనే తోస్తానని ఖుర్షిదా ముందురోజే ఒప్పించుకుంది. అమీర్‌బీ పసుపుకొమ్ములు, అరటిపళ్ళు, కొత్త ఓణీ మూట కడుతూ ఉంటే, ఆ పిల్ల ఒక్కచోట నిలవలేదు. ఊళ్ళో స్నేహితురాలు గుల్జార్‌తో చెబితే నమ్మదని, చేతులు చూపిస్తే అప్పుడు నమ్ముతుందని ఒకటే వాగుడు. మూట పడవలో పడీ పడకముందే ఎగిరి ఎక్కి, గెడ దించి తోసింది. పడవ బాణంలా పోయింది. మంచు విడిపోతోంది. నీళ్ళ మీద ఎండ పడుతోంది. గెడ దించిన ప్రతిసారీ పడవ ముందుకు దూకుతుంటే ఆమెకు ఒళ్ళు తెలియలేదు.

పాయ మధ్యకు వచ్చాక, వెనక కూర్చున్న నాగూర్ వలి నెమ్మదిగా అన్నాడు. “అమ్మకు చెప్పొచ్చావా?”

ఖుర్షిదా చేయి ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూసింది. అమీర్‌బీ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఉంది. పిలవడం లేదు. ఒక చెయ్యి సగం దాకా ఎత్తి అలాగే ఉంచింది.

“బాబాయ్, వెనక్కి తిప్పాలి. నాకు తిప్పడం రాదు.”

అతను లేవలేదు. కూర్చున్నచోటి నుంచే ఎటు గుచ్చాలో, ఎటు వాలాలో చెప్పాడు. నీటివాలు పడవను పక్కకు లాగుతుంటే ఖుర్షిదా పళ్ళు బిగించి తోసింది. పడవ ఒకసారి అడ్డం తిరిగి, ఊగి, చివరికి లంక వైపు మొహం పెట్టింది.

పడవ దగ్గరికి రాగానే, “ఏం మర్చిపోయావే?” అంది అమీర్‌బీ.

“నిన్నే. చెప్పకుండా పోయాను.”

అమీర్‌బీ పడవ అంచు పట్టుకుంది. “నేనూ అంతేగా. నువ్వు నిద్రలో ఉండగా పోయా. లేపితే నా కాళ్ళు కదలవని.”

ఖుర్షిదా వంగి తల్లి భుజాలు పట్టుకుంది. పడవ ఒరిగింది. గెడ గుచ్చి పడవను నిలబెట్టి, “ఎక్కమ్మా, అవతలిదాకా రా, నేను తోస్తాగా,” అంది. పొయ్యి మీద కూరుందని, చీర తడిసిందని తల్లి ఏవేవో చెప్పబోయింది. ఆ పిల్ల వినలేదు. అమీర్‌బీ తడిచీరతోనే ఎక్కి కూర్చుని, దారిపొడుగునా నీళ్ళకేసి చూడకుండా కూతుర్నే చూసింది.

కరకట్ట మీద, రైలు దాకా తీసుకుపోయే రంగయ్య ఎడ్లబండి సిద్ధంగా ఉంది. అమీర్‌బీ మూట బండిలో పెట్టి, కూతురి బొబ్బలెక్కిన చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

“నాయనమ్మతో చెప్పు. రంజాన్ పండక్కి నేనొస్తున్నానని. రమ్మంటావా అని అడగమాక. వస్తోందని చెప్పు.”

“మరి తిడితే?”

“తిట్టనీ. ఎదురుగా కూర్చుని తిట్టించుకుంటా.”

ఖుర్షిదా నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. బండి కదిలింది. ఆమె కూర్చోలేదు. బండిలో నిలబడే చెయ్యి ఊపుతూ, పండక్కి బాబాయిని కూడా తీసుకురమ్మని కేకేసింది. పడిపోతావు, కూర్చోమని రంగయ్య గదిమాడు. కృష్ణ మధ్యలో పడవ మీద నిలబడినదాన్ని, నీ బండి నాకో లెక్కా అని ఆమె అతనికి జవాబిచ్చింది. కట్ట మీద అమీర్‌బీ పకపకా నవ్వడం వాళ్ళకు చాలా దూరం దాకా వినిపించింది.