కవరు కింద పూడ్చిన లాకులు

గోవిందన్నా, నా బిడ్డ పళ్ళు రాలగొట్టింది నువ్వు. తిరుపాలూ, నువ్వు కూడా. మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తున్నానని ఉలిక్కిపడకు. పన్నెండేళ్ళు "ఏమప్పా" అనే పిలిచాను, దాంతో ఒరిగిందేమీ లేదు. మామ శేషప్పా, అత్త హులిగమ్మా, మీరిద్దరూ. ఐదో పేరు నాగవేణి, అంటే నేను. ఆ పేరు దాచిపెట్టి మిగతా నలుగురినే తిడితే నాకూ మీకూ తేడా ఏముంది?

నేను ఎమ్మిగనూరులో ఇంటి వరండాలో మిషను పెట్టుకుని కారు సీట్లకు కవర్లు కుడతాను. సీటు కవర్ల అంగడి గోవిందన్నది. ఆయన రెగ్జిన్ కత్తిరించి, మూట కట్టి ఆటోలో పంపుతాడు. నేను కుట్టి అదే ఆటోలో తిప్పి పంపుతాను. బోర్డు మీద పేరు ఆయనది, సూది గుచ్చుకునేది నా వేలికి. వెనక సీటు కవరుకు చీలికలు పెట్టాలి, బెల్టు లాకులు వాటిలోంచి పైకి రావాలి కాబట్టి. మొదట్లో నేను అలాగే కుట్టేదాన్ని. చీలిక చుట్టూ అంచు మడిచి కుట్టడం చొక్కాకు కాజా కుట్టడం లాంటిది, ఓపిక కావాలి. ఒకరోజు గోవిందన్నే ఇంటికొచ్చాడు.

"నాగవేణమ్మా, ఈ బొక్కలు ఇంక పెట్టొద్దమ్మా. కస్టమరు నున్నగా ఉండాలంటాడు."

"మరి లాకులు యాడికి పోతాయన్నా?"

"సీటు కిందికి తోసేస్తాం. ఎనక కూసుండేది ఆడోళ్ళు, పిల్లోళ్ళు. వాళ్ళెవరు పెట్టుకుంటారు బెల్టు? పోలీసోడు గూడా ఎనక్కి సూడడు."

నేను నవ్వాను. నిజమే చెబుతున్నా, నవ్వాను. చీలికలు లేకపోతే కవరుకు అరగంట కలిసొస్తుంది. ఆ అరగంటలో పప్పు ఉడుకుతుంది, బిందెలు నిండుతాయి, అత్త కాళ్ళకు నూనె రాయడం అయిపోతుంది. పని తగ్గిందని సంబరపడ్డాను. ఆ తర్వాత ఎన్ని కార్లలో ఎన్ని లాకులు పూడ్చిపెట్టానో నాకే తెలియదు.

పోయినేడు తిరుపాల్ పాత కారు ఒకటి కొన్నాడు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తా ఆయన. నలుగురిలో కారు దిగడం ఆయనకు పెద్ద కోరిక. దానికి మెరూన్ రంగు కవర్లు నేనే కుట్టాను, ఒక్క చీలిక లేకుండా, చేత్తో నిమిరితే జారిపోయేంత నున్నగా. అందరూ మెచ్చుకున్నారు. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. వెనక సీటు హెడ్‌రెస్టులు అద్దంలో అడ్డం వస్తున్నాయని తిరుపాల్ రెండింటినీ పీకి, అటక మీద వేరుశనగ బస్తా పక్కన పడేశాడు. మా తలలు దేనికి ఆనాలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. కారు ఆయనది. పొద్దున్నే బకెట్టు పెట్టి కడిగేది నేను. సీట్ల సందులోంచి శనక్కాయ పొట్టు ఏరేది నేను. అంత కడిగినదాన్ని, ముందు సీట్లో ఒక్కసారి కూర్చోలేదు. అది మామ జాగా.

కార్తీకంలో మరిది నిశ్చితార్థానికి ఆదోని బయలుదేరాం. ముందు తిరుపాల్, మామ. ఇద్దరికీ బెల్టులు ఉన్నాయి. పెట్టుకోకపోతే ముందు సీటు కుయ్ కుయ్‌మని అరుస్తుంది. వెనక మా కోసం అరిచేది ఏదీ లేదు. మామ వెనక అత్త, తిరుపాల్ వెనక నేను, మధ్యలో నా కూతురు వీణ. దానికి ఎనిమిదేళ్ళు. ముందరి పళ్ళు కొత్తగా వచ్చాయి, రంపపు అంచుల్లాగా, ముద్దుగా.

ఊరు దాటాక తిరుపాల్‌కు కాళ్ళు ఇరుకయ్యాయి. ఆయన సీటు ఎప్పుడూ పడక కుర్చీలాగా వాల్చి ఉంటుంది. అదీ చాల్లేదు. బండి నడుస్తుండగానే ఒక చెయ్యి సీటు కిందికి పోనిచ్చి సీటు జరిపే కమ్మీ ఎత్తాడు. నేను చూశాను. సీటు ఒక్కసారిగా వెనక్కి జారి నా మోకాళ్ళకు గుద్దుకుంది. ఆయన కాలికి బ్రేకు అందలేదు. ముందు పత్తి లోడు ట్రాక్టరు మలుపు కోసం మెల్లగా పోతోంది. ఆయన స్టీరింగు పట్టుకుని ముందుకు జరుక్కుని బ్రేకు తొక్కేసరికి ఆలస్యమైపోయింది. మేము ట్రాక్టరును గుద్దాం. మా వెనకొచ్చే ఆటో మమ్మల్ని గుద్దింది. ముందు దెబ్బ పాపది. వెనక దెబ్బ నాది.

వీణ రెండు సీట్ల మధ్యలోంచి ముందుకు పోయి గేరు రాడ్డుకు నోరు కొట్టుకుంది. నా తల వెనక్కి, సీటు అంచు దాటి విరుచుకుపోయింది. మెడలో ఏదో చినిగిన చప్పుడు నాకొక్కదానికే వినబడింది. ముందు సీటు వీపును రెండు చేతులా పట్టుకున్న అత్త మోచేతులు గీసుకుపోవడంతో బయటపడింది. ముందున్న ఇద్దరికీ బెల్టు ఒరుసుకున్న మచ్చ తప్ప ఏమీ కాలేదు.

రోడ్డు పక్కన కూర్చుని పాప నోట్లో కొంగు కుక్కి పట్టుకున్నాను. రక్తం ఆగడం లేదు. అత్త మొదట అన్న మాట ఇది.

"తల్లివై ఉండి పిల్లని పట్టుకోలేకపోతివా మే? చేతులు యాడ పెట్టుకోనుంటివి?"

"ట్రాక్టరోడు ఒకేసారి ఆపినాడు. నేనేం సేసేది?" అని తిరుపాల్ చుట్టూ చేరినవాళ్ళకు చెబుతున్నాడు. "పాపను పట్టుకోని కూసోమని దీనికి ముందే సెప్పినా."

"ఆడోళ్ళకు బండెక్కితే నిద్రే గదప్పా," అన్నాడు మామ.

నేను నిద్రపోలేదు. నీ చెయ్యి చూశాను తిరుపాలూ. ఆ మాట అక్కడే అనాల్సింది. కానీ పాప రెండు పళ్ళు నా అరచేతిలో ఉన్నాయి. పాలపళ్ళు కావవి, మళ్ళీ రావు. ఆ తర్వాత జరిగిందే అసలు ఘోరం. నేను వాళ్ళ మాట నమ్మాను. పట్టుకోలేకపోయాననే నమ్మాను. రొట్టె తడుతూ నా కుడిచేతిని చూసుకునేదాన్ని. ఇంకొంచెం ముందు చాచి ఉంటే? ఇంకొంచెం గట్టిగా ఉండి ఉంటే? మిషను దగ్గర ఎవరూ లేనప్పుడు చెయ్యి అడ్డంగా చాచి, పాప అక్కడ ఉన్నట్టు బిగించి చూసుకునేదాన్ని. పరుగెత్తే బండి ఠక్కున ఆగితే ఆ ఊపు ముందు తల్లి చెయ్యి ఎంత? దారప్పోగు. అయినా ఆ దారప్పోగుదే తప్పన్నారు. తప్పు నాదేనని తల ఊపుదామంటే మెడ ఊగదు.

మెడ తిరగక, పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పేదాన్ని. "రాణి మాదిరి మెడ నిక్కబెట్టుకోని తిరుగుతాంది," అని అత్త పక్కింటామెకు చెప్పింది. చివరికి ఒక్కదాన్నే ఆసుపత్రికి పోయాను. డాక్టరమ్మ మెడ నొక్కి చూసి అడిగింది. "వెనక సీటుకు హెడ్‌రెస్టు లేదా?" ఇన్నాళ్ళలో నా చేతుల గురించి కాకుండా కారు గురించి అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

ఇంటికొచ్చి, రిపేరై వచ్చిన కారు అరలోంచి బండితో ఇచ్చే పుస్తకం తీశాను. ఇంగ్లీషు. నేను ఏడో తరగతితో ఆపేసినదాన్ని. కానీ బొమ్మలకు ఇంగ్లీషు అక్కర్లేదు. కవరు కత్తిరింపు బొమ్మలు చూసి కుట్టేదాన్ని, ఇవి అర్థం కావా? తల దిండు పై అంచు నడినెత్తికి సమానంగా ఉండాలి, తలకు దగ్గరగా ఉండాలి. మెడ దగ్గర పెట్టిన బొమ్మ మీద గీత కొట్టి ఉంది. కింది పట్టీ కడుపు మీద కాదు, తొడలపైన, నడుము ఎముకల మీద. పై పట్టీ భుజం మధ్యలోంచి. మెడ మీదికి రాకూడదు, చంక కిందికి పోకూడదు. పట్టీ మెడకు తగిలే పిల్లల్ని, కారు సీటు మీద ఇంకో ఎత్తు సీటు వేసి కూర్చోబెట్టారు. ఇంకో బొమ్మలో ఒక మనిషి నడుస్తున్న బండిలో సీటు కిందికి చెయ్యి పెట్టాడు. దాని మీద పెద్ద ఇంటూ గుర్తు.

ఆ చెయ్యి నీదే తిరుపాలూ. నువ్వు కొన్న కారులోనే, నువ్వు ఎప్పుడూ తెరవని పుస్తకంలో నీ బొమ్మ ఉంది.

చూపించాను. తిప్పి కూడా చూడలేదు. "బొమ్మలు సూసి నాకు బండి నేర్పిస్తాండావా? పో, పోయి నీ మిషను తొక్కుకో."

మొన్న ఆదివారం మాధవరంలో ఆడబిడ్డ ఇంటి గృహప్రవేశం. పొద్దున్నే అందరూ సిద్ధమయ్యారు. మామ ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. నేను కారు దగ్గరికి వచ్చేసరికి వీణ వెనక సీట్లో కూర్చుని నా పాత వోణీతో ఏదో చేస్తోంది. ఒక కొసను ముందు సీటు హెడ్‌రెస్టు కమ్మీకి, రెండో కొసను తన నడుముకు ముడేసుకుంటోంది.

"ఏం సేస్తాండావే?"

"కట్టేసుకుంటాండానమ్మా. నువ్వు పట్టుకోలేవు గదా."

కోపంతో అనలేదు. రోజూ వినే మాట కాబట్టి అన్నది. పళ్ళు లేని సందులోంచి గాలి పోతూ ఉంటే, ఎంతో మామూలుగా అన్నది. నా బిడ్డకు కూడా నేర్పారు. బండి నడిపినవాడిది కాదు, పట్టుకోలేనిదానిదే తప్పని.

ముడి విప్పి పాపను దింపాను. మిషను డ్రాయరులోంచి బ్లేడు తెచ్చాను. వెనక సీటు మీద మోకాళ్ళేసి నా కుట్టు మీదే బ్లేడు పెట్టాను. మెరూన్ రెగ్జిన్ పరపరమని చీలింది.

"ఏయ్! పిచ్చి పట్టిందా నీకు? కొత్త కవర్లు!" తిరుపాల్ పరుగెత్తుకొచ్చాడు.

"నేను కుట్టినవే. నేనే కోస్తాండా."

సీటు కింద ముడుచుకుపోయి ఉన్న లాకులు ఒక్కొక్కటే పైకి లాగాను. దుమ్ము, శనక్కాయ పొట్టు. అటక మీది నుంచి హెడ్‌రెస్టులు దించి, కొంగుతో తుడిచి, రంధ్రాల్లో గుచ్చి టక్కున పడేదాకా నొక్కాను. పాపను కూర్చోబెట్టి బెల్టు పెట్టి చూశాను. పై పట్టీ దాని మెడ మీదికే వచ్చింది.

"దీనికి ఎత్తు సీటు కావాల. అది తెచ్చేదాకా పాప ఈ బండెక్కదు. పాప లేకుండా నేను రాను."

"నువ్వు రాకుంటే ఆడ వంటకు ఎవరుండారు?" అన్నాడు తిరుపాల్.

ఓహో. పాప ఎలా ఉంటుందని కాదు, నా మెడ ఎలా ఉందని కాదు, వంటకు ఎవరున్నారని! ఈ కారులో నా సీటు ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

"ఆ పొద్దు నువ్వు నడిచే బండిలో సీటు జరిపినావు. నా మోకాళ్ళకు కొట్టుకునింది. ట్రాక్టరోని తప్పు కాదు, నా చేతుల తప్పు కాదు. నీ చెయ్యి."

మామ అద్దంలోంచి కొడుకు ముఖం చూశాడు. తిరుపాల్ తాళం కోసం వరండా గోడ గూటి వైపు చూశాడు. బ్లేడు తెచ్చేటప్పుడే తీసి నడుముకు దోపుకున్న తాళం అప్పటికే నా పిడికిట్లో ఉంది.

అప్పటిదాకా గడప దగ్గర నిలబడ్డ అత్త మెల్లగా వచ్చి వెనక సీట్లో కూర్చుంది. తల వెనక్కి ఆనించి చూసుకుంది. మళ్ళీ ఆనించింది.

"ఏం మే, ఈ దిండు నా మెడ కాడికే ఉండాదే. పైకి లేపు."

బొత్తాం నొక్కి ఆమె నడినెత్తి దాకా లేపాను. ఆమె నా వైపు చూడలేదు.

"ఆ పట్టీ యాడ తగిలిచ్చేది? అది గూడా సూపిచ్చు."

చూపించాను. తర్వాత తిరుపాల్‌తో అన్నాను. "ముందు సీటు నిలబెట్టు. బ్రేకు నిండా తొక్కినా మోకాలు ఇంకా కొంచెం వంగి ఉండాల. జరిపినాక ముందుకు ఎనక్కు ఊపి సూడు, పడిందో లేదో. అప్పుడు తాళం." కారు లోపలి నుంచి అత్త, "కానీరా, పొద్దెక్కుతాంది," అంది. సీటు కమ్మీ టక్కుమన్న చప్పుడు విన్నాకే తాళం ఇచ్చాను. వాళ్ళు పోయారు. నేనూ పాపా ఇంట్లోనే ఉన్నాం.

నేను గెలిచానని చెప్పడానికి ఇది రాయలేదు. పాప నోట్లో ఆ సందు అలాగే ఉంది. ఇది రాస్తూ కూడా నా మెడ తిరగడం లేదు. రెండు రోజులుగా తిరుపాల్ నాతో మాట్లాడడు, నా చేతి అన్నం మాత్రం తింటాడు. ఎత్తు సీటు ఇంకా రాలేదు. మిషను పక్కన గోవిందన్న పంపిన కొత్త మూట ఉంది, విప్పలేదు.

గోవిందన్నా, ఇక ఒక్క కవరు కూడా చీలిక లేకుండా కుట్టను. నీ దగ్గర కవర్లు వేయించుకున్నవాళ్ళ ఫోను నంబర్లు నీ ఫోనులోనే ఉన్నాయి. అందరినీ పిలువు. రేపు పొద్దున నీ అంగడి తలుపు తీసేసరికి బ్లేడు పట్టుకుని నేనక్కడ ఉంటాను. నేను పూడ్చినవి నేనే బయటికి తీస్తాను, కూలి నువ్విస్తావు. తిరుపాలూ, పాపకు సీటు తే. ఇది చదువుతున్న మీరు, రేపు చూద్దామని పక్కన పెట్టకండి. ఇప్పుడే లేచి మీ కారు వెనక సీటు సందులో చెయ్యి పెట్టండి. లాకు చేతికి తగలకపోతే కవరు కోసేయండి.