తెల్ల సవతి

నేను ఒక క్రికెట్ బంతిని. ఎర్రగా పుట్టాను, ఇప్పుడు పాత చింతపండు రంగులోకి వచ్చాను. వయసు ఇరవై ఏడు దాటింది. ఆ ఇరవై ఏడేళ్లలో ఒకే ఒక్క మ్యాచ్ ఆడాను, మిగిలిన కాలమంతా ఒక మనిషి చేతిలో గడిపాను. నాకు అసూయ ఎక్కువ. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే చెప్పబోయేదంతా దాని గురించే.

పుట్టింది మీరట్‌లో ఒక ఇరుకు సందులో. బెండు ముక్క చుట్టూ ఉన్ని దారం బిగించి, పైన తోలు తొడిగి, ఒక ముసలాయన రెండు సూదులతో నన్ను కుట్టాడు. కుట్టు పూర్తయ్యాక అరచేతిలో వేసి ఊపి చూసి, ఆడపిల్లల బంతుల బుట్టలో పడేశాడు. మగవాళ్ల బంతి కన్నా నేను కాస్త తేలిక. పక్క బుట్టలో ఉన్నవి పెద్ద పెద్ద స్టేడియాలకు పోతాయని విన్నాను. పోలికలు చూసుకునే జబ్బు నాకు ఆ పూటే పట్టుకుంది.

నేను పోయింది మైసూరుకు. విశ్వవిద్యాలయాల ఆడపిల్లల పోటీల్లో సెమీఫైనల్. అనంతపురం జట్టు నన్ను కమరున్నీసా చేతికిచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉండే పిల్ల. నన్ను ప్యాంటుకు రుద్ది, పెదాలు బిగించి పరిగెత్తుకొచ్చి విసిరేది. ఆ రోజు ఆమె చేతి నుంచి వెళ్లి ఐదుగురిని ఔట్ చేశాను. అందులో ఇద్దరి మిడిల్ స్టంపులు ఎగిరిపడ్డాయి. ఆ చప్పుడు ఇప్పటికీ నాకు ముద్దుగా గుర్తుంది.

అవతలి జట్టుకు చివరి జోడీ మిగిలింది. నాలుగు పరుగులు చేస్తే వాళ్లు గెలుస్తారు, ఒక్కరు ఔటైతే మనం గెలుస్తాం. కమరున్నీసా వేసిన బంతిని, అంటే నన్ను, బ్యాటు పట్టిన అమ్మాయి కళ్లు మూసుకుని కొట్టినట్టుంది. నిటారుగా ఆకాశంలోకి లేచాను. పైనుంచి చూస్తే మైదానంలో అందరూ ఆగిపోయి ఉన్నారు. మిడాన్‌లో ఒక్క పిల్ల మాత్రం రెండు చేతులూ దోసిలి పట్టి నా కిందికి వచ్చి నిలబడింది. ఆమె చౌడేశ్వరి. కమరున్నీసాకు ప్రాణ స్నేహితురాలు, హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది.

సరిగ్గా ఆ దోసిట్లోనే పడ్డాను. వెచ్చగా ఉంది. హమ్మయ్య అనుకునే లోపు ఆ వేళ్ల సందులోంచి జారి గడ్డి మీద పడ్డాను. వాళ్లు రెండు పరుగులు తీశారు. తర్వాతి బంతికి ఫోర్ కొట్టారు. అయిపోయింది.

ఎవరూ చౌడేశ్వరిని తిట్టలేదు. కమరున్నీసా అసలు ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే ఆ పిల్ల బాగుపడేది. సాయంత్రం అందరూ మూటలు సర్దుకుంటుంటే, స్కోరు రాసే బల్ల మీద ఉన్న నన్ను చౌడేశ్వరి తీసి తన సంచిలో వేసుకుంది. నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా వెళ్లేదాన్నే. అప్పటికే ఆ చేతుల మీద నాకు మనసు పడింది.

నేల మీదికి జారవిడిచిన ఆ చేతులే తర్వాత నన్ను ఇరవై ఏడేళ్లు వదల్లేదు. చౌడేశ్వరి కదిరిలో ఆడపిల్లల హైస్కూలుకు పీఈటీ అయింది. పిల్లలకు ఖోఖో నేర్పింది, త్రోబాల్ నేర్పింది. క్రికెట్ ఆడదాం టీచర్ అని ఎవరైనా అడిగితే ఎండ ఎక్కువగా ఉందనేది, వానాకాలంలో కూడా. స్టాఫ్ రూములో బల్ల కింద ఆమె చెయ్యి సంచిలోకి వచ్చి నన్ను నొక్కుతూ ఉండేది. ఏ రోజు ఎంత గట్టిగా నొక్కిందో దాన్నిబట్టి ఆమె మనసు నాకు తెలిసేది.

స్కూలుకు కొత్త వాలీబాల్ కొన్నారంటే నాకు ఒళ్లు మండేది. ఆమె మెడలో రోజంతా వేలాడే విజిల్‌ను చూసినా మండేది. భర్త రామాంజులు మంచివాడే. కానీ ఒకసారి, "ఆ పాత బంతిని పక్కింటి పిల్లోళ్లకు ఇయ్యరాదా?" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు పడదు.

కమరున్నీసా నర్సింగ్ చదివి, ఎక్కడెక్కడో పనిచేసి, చివరికి అమెరికాలో టల్సా అనే ఊళ్లో స్థిరపడింది. స్నేహం పోలేదు. ఫోన్లలో మొగుళ్ల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. మైసూరు మాట మాత్రం ఇద్దరూ ఎత్తేవాళ్లు కాదు. ఒక ఎండాకాలం సెలవులకు, "నెల దినాలు వచ్చి ఉండిపో మే, కారులో ఊర్లన్నీ తిప్పుతా," అని కమరున్నీసా పిలిచింది. చౌడేశ్వరి ఒప్పుకున్నది ఊళ్లు చూడడానికి కాదని నాకొక్కదానికే తెలుసు. ఆ క్యాచ్ గురించి క్షమాపణ అడిగేయాలని వెళ్లింది. నన్నూ వెంట తీసుకెళ్లింది. విమానాశ్రయంలో ఒక అధికారి నన్ను సంచిలోంచి తీసి, తిప్పి తిప్పి చూసి, ఇదేమిటని అడిగాడు. చేతికి వ్యాయామం అని చెప్పింది. అబద్ధమేమీ కాదు.

ఆరు రోజుల కారు ప్రయాణం. సంచి జిప్పు సగం తెరిచి ఉండేది, నాకు కనిపించిన అమెరికా ఆ మేరకే. రోడ్డు, గోధుమ చేలు, మళ్లీ రోడ్డు. కమరున్నీసా నడుపుతుంటే చౌడేశ్వరి చెయ్యి సంచిలోకి వచ్చేది. నన్ను పట్టుకుని, "కమరూ, ఆ మైసూరులో..." అని మొదలుపెట్టేది. ఏమ్మే అని ఆవిడ తిరిగితే, "మైసూరుపాకు తినాలనిపిస్తాంది," అనేది. మొదటి నాలుగు రోజుల్లో నాలుగుసార్లు మైసూరుపాకే వచ్చింది. నాకు లోలోపల సంతోషమే. ఆ క్షమాపణ చెప్పేస్తే, మనసు తేలికైతే, ఆమెకు ఇక నాతో పనేముంటుంది?

ఐదో రోజు మధ్యాహ్నం ఒక చిన్న ఊళ్లో పెట్రోలు కోసం ఆగారు. ఎదురుగా స్టేడియం, జనం లోపలికి పోతున్నారు. పెద్ద లీగుల్లో చోటు దొరకని కుర్రాళ్లు ఆడే చిన్న లీగు బేస్‌బాల్ అట. ఆ మాట వినగానే ఆ ఊరి మీద నాకు కాస్త అభిమానం కలిగింది. కారులోనే బొరుగుల ఉగ్గాని తినేసి ఇద్దరూ లోపలికి వెళ్లారు. ఎండ అనంతపురంలో లాగే దంచుతోంది.

అదేం ఆటో నాకు అర్థం కాలేదు. చూడవచ్చినవాళ్లలో సగం మంది ఆట వైపు చూడడం లేదు, తింటున్నారు. స్థానిక జట్టు పేరు బురద తాబేళ్లు. తాబేలు వేషం వేసుకున్న ఒకాయన మధ్యమధ్యలో పరుగు పందెం పెట్టుకుని చిన్నపిల్లల చేతిలో ఓడిపోతున్నాడు. ప్రేక్షకుల్లో చాలామంది చేతులకు చేటలంత తోలు తొడుగులు వేసుకుని కూర్చున్నారు. బంతి తమ వైపు వస్తే పట్టుకోవడానికట. తొడుగు లేకుండా బంతి పట్టలేని మనుషుల్ని నేను మొదటిసారి చూశాను.

అప్పుడు దాన్ని చూశాను. తెల్లగా, నున్నగా, ఒంటి నిండా వంకర తిరిగిన ఎర్ర కుట్టు. బరువు చూస్తే దాదాపు నా అంతే. లోపల బెండు, ఉన్ని దారం కూడా ఉంటాయట. మా వంశమే అన్నమాట. చుట్టరికం తెలిశాక అసూయ ఇంకా పెరిగింది.

కొట్టేవాడు దాన్ని వెనక్కి, గాల్లోకి కొట్టాడు. అది లేచింది, లేచింది, మా వైపు తిరిగింది. తోలు తొడుగులన్నీ పైకి లేచాయి. చౌడేశ్వరి చెయ్యి అప్పుడు సంచిలో నా మీద ఉంది.

నన్ను వదిలేసింది.

ఒక్క ఉదుటున లేచి, రెండు కుర్చీలు దాటి, చుడీదారు చున్నీ జారిపోతున్నా చూసుకోకుండా, దోసిలి పట్టి దాని కింద నిలబడింది. వట్టి చేతులతో పట్టింది. జారలేదు. వేళ్లు మూసుకున్నాయి. నేను సంచిలో పడి ఉండి, సగం తెరిచిన జిప్పులోంచి ఆ మూసుకున్న వేళ్లను చూశాను. నాకు దక్కనిది ఆ తెల్లదానికి ఒక్క క్షణంలో దక్కింది. నా కడుపు ఎంత మండిందో మీకు ఎలా చెప్పను?

స్టేడియం మొత్తం లేచి అరిచింది. అంతలో ఆమె ఏం చేసిందంటే, అలవాటు ప్రకారం, పట్టిన బంతిని అక్కడే ఆపకుండా మైదానంలో ఉన్న ఒక ఆటగాడి చేతిలోకి బాణంలా విసిరేసింది. వాడు బిత్తరపోయి అందుకున్నాడు. ఒక్కసారిగా జనమంతా అయ్యో అన్నారు. ఆ తర్వాత నవ్వులు, ఇంకా పెద్ద చప్పట్లు.

"ఎందుకు మే విసిరేస్తివి?" అంది కమరున్నీసా పడీ పడీ నవ్వుతూ.

"మళ్లీ ఇయ్యకపోతే ఆటెట్ల ఆడతారు?"

"ఈడ పట్టినోళ్లదేనంట బంతి. ఎవురూ తిరిగి ఇయ్యరు. వాళ్లు ఇంకోటి తీస్తారు. గీత పడినా తీసి పక్కన పెడతారంట."

గీత పడితే చాలు, పక్కన పెడతారా! యాభై ఓవర్లు దెబ్బలు తిని, మట్టి పూసుకుని, అంచులు చిట్లినా ఆడించే మా ఆట ఎక్కడ, ఈ రాణీవాసం ఎక్కడ! నేను ఇలా పళ్లు నూరుతుండగానే స్టేడియంలో పనిచేసే ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చి, ఆ తెల్లదాన్నే తెచ్చి చౌడేశ్వరి చేతిలో పెట్టి, భుజం తట్టి వెళ్లింది. చౌడేశ్వరి దాన్ని తిప్పి చూసి మురిసిపోతోంది. సవతి ఇంట్లోకి అడుగుపెట్టడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

కమరున్నీసా నిమ్మరసం తాగుతూ, మామూలుగా, ఎటో చూస్తూ అంది.

"మనకూ ఉన్నింది గదా ఒక పద్ధతి. ఐదు వికెట్లు తీసినోళ్లకు బంతి ఇచ్చేది. మైసూరులో నాకిస్తానని పీడీ మేడం చెప్పినాది. కడాకు చూస్తే బంతి ల్యా. సంచులన్నీ ఎతికినా. ఎవురు ఎత్తుకుపోయినారో ఏమో."

చౌడేశ్వరి తెల్లదాన్ని తిప్పడం ఆపేసింది. కమరున్నీసా చెప్పుకుపోతోంది.

"పేపర్లో మన పేర్లు రాలే, ఓడిపోతిమి గదా. మా అబ్బా నమ్మలే. ఐదు వికెట్లు తీసినావా, యాడ బంతి, చూపియ్యి బేటీ అన్నాడు. నవ్వుతానే అన్నాడులే. ఆ ఎండాకాలమే ఆట మాన్పిచ్చి నర్సింగుకు పంపినాడు. బంతి ఉండుంటే ఏమన్నా మారునేమో. మారకపోను కూడా. అబ్బా పోయి పదేండ్లాయె, ఇప్పుడు ఎవురికి చూపియ్యల్ల?"

చౌడేశ్వరి చెయ్యి సంచిలోకి వచ్చింది. నన్ను పట్టుకుంది. ఎప్పుడూ లేనంత గట్టిగా. నేను ఐదు వికెట్ల బంతినని నాకు మొదటి నుంచీ తెలుసు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు, ఉన్నా చెప్పేదాన్ని కాదు. వద్దు, తియ్యొద్దు, మైసూరుపాకు అను, అని వేడుకున్నాను. ఆమె ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఇద్దరం కదిరికి వెళ్లిపోవచ్చు.

ఆమె నన్ను బయటికి తీసి కమరున్నీసా ఒళ్లో పెట్టింది.

"ఇదే మే అది. నేనే ఎత్తుకొచ్చినా. క్యాచ్ పోగొట్టి నీ ఆట చెడగొట్టినానని, దీన్ని చూస్తా నాకు నేను బుద్ధి చెప్పుకోవల్లని. నీ ఐదు వికెట్లు నాకు గుర్తే ల్యా కమరూ. నాకు నా క్యాచ్ ఒక్కటే గుర్తు. క్షమాపణ అడగల్లని వచ్చినా, ఐదు దినాలుగా నోరు రాలే."

కమరున్నీసా నన్ను చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో నా కుట్టు తడిమింది.

"క్యాచ్‌దేముంది మే, ఎవురికైనా జారుతాది. ఒక్క దినం కూడా దాన్ని నేను తలుచుకోలే." నన్ను చౌడేశ్వరి కళ్ల ముందుకు ఎత్తింది. "ఇది నాది గదా చౌడీ. ఇన్నేండ్లు నీ కాడ పెట్టుకున్యావా?"

ఆ తర్వాత ఆట ఎవరు గెలిచారో ఇద్దరికీ తెలియదు. కారులో రెండు గంటలు మాట లేదు. నేను కమరున్నీసా పక్కన, గేరు దగ్గర ఉన్న గుంటలో కూర్చున్నాను. తెల్లది చౌడేశ్వరి సంచిలో ఉంది, నా చోట్లో. చీకటి పడబోతుంటే కమరున్నీసా ముందుకే చూస్తూ, "ఆకలైతాందా?" అంది. చౌడేశ్వరి ఊ అని ఏడ్చేసింది. రోడ్డు పక్కన కారు ఆపి ఇద్దరూ ఏడ్చారు. నన్ను ఎవరూ ఓదార్చలేదు.

ఇప్పుడు నేను టల్సాలో, కమరున్నీసా ఇంట్లో, హాల్లో అద్దాల బీరువాలో ఉన్నాను. నా కింద చిన్న మఖమల్ దిండు. ఇంటికి వచ్చినవాళ్లందరికీ, ఇది నా ఐదు వికెట్ల బంతి అని చెబుతుంది. ఎంత గర్వంగా చెబుతుందో చూడాలి. చేరాల్సిన చోటికి చేరాను, న్యాయం జరిగింది. ఒప్పుకుంటాను. అయినా ఆ దిండు మీద నాకు నిద్ర పట్టదు.

నిన్న చౌడేశ్వరి వీడియో కాల్ చేసింది. కమరున్నీసా బీరువాకు వీపు ఆనించి, ఫోన్‌ను ఎదురుగా పట్టుకుని కూర్చుంది. అవతల కదిరి స్కూలు మైదానం కనిపించింది. ఆడపిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు. చౌడేశ్వరి క్రికెట్ జట్టు మొదలుపెట్టిందట. చేతిలో ఆ తెల్లది. అది ఇప్పుడు తెల్లగా లేదు, మా ఎర్రమట్టి రంగు తేలింది. దాన్ని ఆకాశంలోకి విసిరింది. రెండు జడల పిల్ల ఒకతి పరిగెత్తుకొచ్చి దోసిలి పట్టింది. బంతి ఆ చేతుల్లో పడి, జారి, నేల మీద దొర్లింది.

"పోతే పోయిందిలే మే!" అని అరిచింది చౌడేశ్వరి. "తెచ్చియ్యి, మళ్లీ ఏస్తా!"

ఆ పిల్ల పకపకా నవ్వుతూ దాని వెంట పరిగెత్తింది. చౌడేశ్వరీ నవ్వింది. ఇక్కడ కమరున్నీసా కూడా నవ్వింది. దాన్ని జారవిడిచినా ఎవరూ ఏడవలేదు. అంత అదృష్టం దానికెందుకు పట్టాలి, మీరే చెప్పండి.