నా వీపు మీది మాట

నేను ఒక ఫ్లెక్సీని. పుట్టుకతోనే ఒంటి నిండా అక్షరాలున్నదాన్ని. అయినా నేను చెప్పేదేమిటో ఒక్కరికీ బోధపడలేదు. అరిచి చెప్పడానికి గొంతు లేక, రాసినవాళ్ళను పట్టుకుని కడిగేయడానికి చేతులు లేక లోలోపల ఉడికిపోయినదాన్ని. మీరైనా కాసేపు నిలబడి వినండి.

జిల్లా కేంద్రంలోని ఒక ప్రెస్సులో పుట్టాను. రాష్ట్రమంతటా ఆరోగ్య అవగాహన మాసం జరపాలని పైనెక్కడో నిర్ణయం జరిగింది. ఉద్దేశం మంచిదే, నేను కాదనను. ఎండలు ముదిరితే పసిపిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి కాబట్టి ముందే తల్లులకు నాలుగు మాటలు చెప్పాలనుకున్నారు. ఆ నాలుగు మాటలు చెప్పి ఊరుకుంటే నాకీ ఆత్మకథే అక్కరలేకపోయేది. నాలో సగం మేర పెద్దమనుషుల ఫొటోలకే సరిపోయింది. మిగిలిన సగంలో ఎర్రటి అక్షరాలతో ఇలా అచ్చయింది: "అతిసార వ్యాధిగ్రస్తులైన శిశువులకు నిర్జలీకరణ నివారణార్థం మౌఖిక పునర్జలీకరణ ద్రావణమును విరివిగా సేవింపజేయవలెను."

ప్రెస్సులో డిజైనింగ్ చేసే అతనికి అనుమానం వచ్చి, ఆర్డరిచ్చిన ఆఫీసుకు ఫోన్ చేశాడు. "సార్, కొంచెం తేలిగ్గా మారుద్దామా? ఇది మా అమ్మక్కూడా అర్థం కాదండీ" అన్నాడు. అవతలి గొంతు నాక్కూడా వినపడింది. "మీ అమ్మకి అర్థమయ్యేట్టు రాస్తే అది గవర్నమెంటు ఫ్లెక్సీ ఎట్లా అవుద్దయ్యా? ఫొటోలు మాత్రం సరిగ్గా రావాలి, చూసుకో." ఫొటోలు చాలా బాగా వచ్చాయి.

నన్ను మిరప పండించే ఒక ఊరి మొగదల కరెంటు స్తంభానికి కట్టారు. కట్టినవాళ్ళు నా ముందు నిలబడి ఫొటో దిగి, ఎవరికో పంపి, వెళ్ళిపోయారు. అవగాహన కలిగిపోయిందన్నమాట. ఆ తర్వాత నన్ను చూసినవాళ్ళందరూ ఒకటే లెక్క వేశారు, నేను ఎన్ని మిరపకాయల మీద కప్పడానికి సరిపోతానా అని. మాసం ముగియగానే ఒక రైతు నన్ను విప్పి కళ్ళానికి తీసుకుపోయాడు. అక్కడ కోతలకు కర్నూలు వైపు నుంచి వచ్చిన కూలీలకు గుడిసె కప్పు కావలసివచ్చింది. కర్రలు పాతి నన్ను పైన పరిచారు. తెల్లటి వీపు ఎండకు, అక్షరాలు గుడిసె లోపలికి.

ఆ గుడిసెలో నాగవేణి, ఆమె అత్త సుంకులమ్మ, నాగవేణి కొడుకు ఈరేశు ఉండేవాళ్ళు. నాగవేణి మొగుడు మిరప టిక్కీలతో, అంటే బస్తాలతో, లారీ మీద మార్కెట్ యార్డుకు పోతే రెండు మూడు రోజులకు గానీ తిరిగి వచ్చేవాడు కాదు. ఈరేశుకు అప్పుడే అడుగులు వస్తున్నాయి. మధ్యాహ్నం వాణ్ణి వెల్లకిలా పడుకోబెడితే నా మీది పెద్దమనుషులను చూసి నవ్వేవాడు. వాళ్ళను చూసి మనస్ఫూర్తిగా నవ్వింది నాకు తెలిసి వాడొక్కడే.

ఒకరోజు తెల్లవారేసరికి వాడికి విరేచనాలు మొదలయ్యాయి. నాగవేణి చెంబు తీసుకుని నీళ్ళు పట్టబోతే సుంకులమ్మ చెయ్యి పట్టుకుంది.

"నీల్లు తాపొద్దు మే. పోసేకొద్దీ పోతాంది, సూస్తాండావు గదా. కడుపు ఆరితే అదే నిలిచిపోతాది. పాలు గూడా ఇయ్యాకు."

ముసలిదాని మీద నాకు కోపం లేదు. ఆమెకు ఆమె అత్త అలాగే చెప్పింది. చిల్లు పడిన కుండలో నీళ్ళు పోయడమెందుకని ఆమె లెక్క. ఆ లెక్క తప్పని చెప్పడానికే కదా నేను పుట్టింది. చెప్పాల్సిన చోటికే వచ్చి, వాళ్ళ నెత్తి మీదే ఉన్నాను. నా కిందే నీళ్ళ బిందె ఉంది.

పొద్దెక్కింది. వాడి పెదవులు ఎండాయి, కళ్ళు లోపలికి పోయాయి. ఏడుస్తున్నాడు గానీ కంట నీటిచుక్క రావడం లేదు. నాగవేణి వాణ్ణి ఒళ్ళో వేసుకుని, దిక్కుతోచక పైకి చూసింది. ఆమె పదో తరగతి దాకా చదివింది. నా ఎర్రటి అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదవసాగింది. చదువు తల్లీ, చదువు అని నా తాళ్ళు బిగిశాయి.

"అత్తా, ఇది బిడ్డల గురించే రాసినారు. శిశువులకు అని ఉంది."

"ఏం సెయ్యమన్నారు?"

నాగవేణి మళ్ళీ మొదటి నుంచి చదివింది. మౌఖిక దగ్గర ఆగింది. పునర్జలీకరణ దగ్గర నోరు తిరగలేదు.

"ఏమో అత్తా. ఏందో సేవించాలంట."

సుంకులమ్మ నిట్టూర్చింది. "అంత పెద్ద మాటలు రాసినారంటే పెద్ద మందే అయింటాది. మనకాడ యాడుంటాది?"

ఆ మాటకు నేను అక్కడే చిరిగిపోయినా బాగుండేది. ఉప్పూ పంచదారా కలిసిన ఒక పొడి ప్యాకెట్టు, బిందెలో నీళ్ళు. ఆ పెద్ద మందు అదే. దానికి నా మీద అన్ని పెద్ద మాటల నగలు దిగేసి, తల్లి చేతికి అందకుండా చేశారు.

పిల్లవాడు ఏడుపు మానేసి తల వాల్చేసరికి నాగవేణి బయటికి పరుగెత్తి కూలీల మేస్త్రీని కేకేసింది. అతను మోటార్ సైకిల్ మీద పోయి ఊళ్ళోని నర్సు స్టెల్లారాణిని ఎక్కించుకుని వచ్చాడు. ఆమె పిల్లవాడి పొట్ట మీది చర్మం పట్టి చూసి, 108కి ఫోన్ చేసి, ప్యాకెట్టు నీళ్ళలో కలిపి చెంచాతో పోస్తూనే కసిరింది.

"నీళ్ళు ఎందుకు ఆపారమ్మా? ఊళ్ళో అంత పెద్ద ఫ్లెక్సీ కట్టాం. చదువుకోరా మీరు?"

నాగవేణి వేలెత్తి నన్ను చూపించింది. "అదే గదా మేడం మీ ఫ్లెక్సీ? పొద్దున్నుంచీ దాన్నే సదువుతాండా. ఏం రాసుందో మీరే సెప్పండి."

నర్సు తలెత్తి చదివింది. రెండో మాట దగ్గర గొంతు తగ్గింది. తర్వాత పెదవులు మాత్రమే కదిలాయి.

"బిడ్డకి విరేచనాలైతే నీళ్ళు ఆపొద్దు, పాలు ఆపొద్దు. ఈ ప్యాకెట్టు కలిపి కొంచెం కొంచెంగా తాగిస్తా ఉండండి. ఇంతేనమ్మా" అంది.

"ఆ మాటే రాసిండొచ్చు గదా మేడం."

"పైనుంచి ఎట్లా వస్తే అట్లా కడతాం. మేమేం చేస్తాం" అంది స్టెల్లారాణి. ఆ మాట ఆమె నా వైపు చూడకుండా అంది.

108 వాణ్ణి తీసుకుపోయింది. ఖాళీ గుడిసె మీద నేను ఎండలో పడి ఉన్నాను. వాడికేమైనా అయితే ఈ అక్షరాలను మోస్తూ ఎలా బతకాలి అనుకున్నాను. మర్నాడు సాయంత్రం ఆటో చప్పుడు వినిపించింది. ఈరేశు ఆకలేసి ఏడుస్తున్నాడు. బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. అంత చక్కటి ఏడుపు నేనెప్పుడూ వినలేదు.

నాగవేణి చేసిన మొదటి పని నన్ను విప్పడం. అక్షరాలు నేలకేసి బోర్లా పరిచింది. మిరప టిక్కీల మీద రైతు పేరు రాసే నల్ల రంగూ కుంచే అడిగి తెచ్చుకుని, నా తెల్లటి వీపు మీద పెద్దగా రాసింది: "బిడ్డకు ఇరేచనాలు అయితే నీల్లు ఆపొద్దండి. పాలు ఆపొద్దండి. ఆస్పత్రి ప్యాకెట్టు నీల్లల్లో కలిపి తాపుతా ఉండండి. బిడ్డ డీలా పడితే ఆస్పత్రికి పోండి." కూలీలందరూ నీళ్ళు పట్టుకునే ట్యాంకు పక్కన, వీపు జనానికి కనబడేలా కట్టింది. పెద్దమనుషులు కంచె వైపు తిరిగారు.

బిందెలతో వచ్చినవాళ్ళు నిలబడి చదివారు. చదువు రానివాళ్ళు చదివించుకుని విన్నారు. సుంకులమ్మయితే పుట్టినప్పటి నుంచీ తనకు తెలిసిన సంగతైనట్టు అందరికీ వివరించి చెప్పింది. చెప్పనీ, నాకు కావలసిందీ అదే.

కోతలు ముగిసి వాళ్ళు వెళ్ళిపోయారు. వానలకు నా ముందువైపు రంగు వెలిసింది, వీపు మీది నలుపు మాత్రం నిలిచింది. మళ్ళీ అవగాహన మాసం వచ్చింది. ఈసారి మనుషులు నేరుగా ట్యాంకు దగ్గరికే వచ్చారు. చోటు బాగుందన్నారు. కొత్త ఫ్లెక్సీని నా మీదే, సరిగ్గా నా వీపు మీదే కట్టి, ఫొటో దిగి వెళ్ళారు. ఫొటోల్లో మొహాలు మారాయి. వాక్యం అక్షరం పొల్లుపోకుండా అదే.

చీకట్లో ఊపిరాడక ఉన్నాను. నిన్న కోతలకు కూలీలు దిగారు. ట్యాంకు దగ్గర అడుగుల చప్పుడు ఆగింది. ఎవరో కొత్త ఫ్లెక్సీని గట్టిగా చదవబోయి, సగంలో ఆపేశారు. ఆ గొంతు నేను గుర్తుపట్టాను.

"ఈరేశూ, ఆ కుంచె ఇట్లా తే" అంది నాగవేణి.

కొత్తదాని తాళ్ళు ఒక్కొక్కటే విప్పింది. నా మీదికి వెలుతురు వచ్చింది. అప్పుడు చూశాను, దాని వీపు కూడా తెల్లగానే ఉంది.