నినెట్టా దీపం

జనాన్ని భయపెట్టడం రోసాల్బా ఉద్యోగం. నేపుల్స్ నగరం అడుగున, నూట ఇరవై మెట్ల కింద, పూర్వం ఊరందరికీ నీళ్ళిచ్చిన రాతి తొట్లున్నాయి. ఇప్పుడు వాటిలో నీళ్ళకంటే చీకటే ఎక్కువ. టూరిస్టుల్ని అక్కడికి తీసుకెళ్ళి, వాళ్ళు పక్కవాళ్ళ చెయ్యి పట్టుకునేదాకా కథలు చెప్పి, మళ్ళీ పైకి తెచ్చి వెలుతురులో వదిలిపెడుతుంది. పదకొండేళ్ళుగా ఇదే పని. ఇంత చేసినా తనుండే సందులో ఆమెను మించిన పిరికిది లేదు. ఇంట్లో బల్బు మాడిపోతే పక్కింటి తలుపు కొట్టే మనిషి. వెనక పదిమంది ఉంటారు కాబట్టి కిందికి దిగుతుంది గానీ, ఒంటరిగా ఒక్కనాడూ దిగలేదు. ఆ సంగతి టికెట్లమ్మే మేనమామ అనియెల్లోకి మాత్రమే తెలుసు. ఆయన దాన్ని రోజుకోసారైనా ఎత్తి చూపకుండా భోజనం చెయ్యడు.

కింద చాలాదూరం కరెంటు ఉంది. చివర మాత్రం ఒక ఇరుకు దారి వస్తుంది. పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చి నడవాలి. దాని అవతల, పెద్ద తొట్టిదాకా, కొవ్వొత్తులే గతి. అందుకని మెట్లు దిగేముందే మనిషికొక కొవ్వొత్తి పెట్టిన తగరపు గిన్నె దీపం ఇస్తారు. తిరిగొచ్చాక ఎవరి దీపం వాళ్ళు మెట్ల పక్క గోడకున్న కొక్కేలకి తగిలించి పోవాలి. ఎన్ని దీపాలు దిగాయో అన్ని దీపాలు కొక్కేలెక్కితే, మనుషులందరూ పైకొచ్చేసినట్టే లెక్క.

తలలు మాత్రం లెక్కపెట్టరు. అది రోసాల్బా అమ్మమ్మ పెట్టిన కట్టడి. భూమి కిందికి దిగే మనుషుల్ని వేలు చూపించి ఒకటీ రెండూ అని లెక్కపెడితే, చావు ఆ లెక్క విని ఒకరిని తగ్గించుకుపోతుందని ఆవిడ నమ్మకం. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయినా ఆ ఇంట్లో ఎవరికీ వేలెత్తే ధైర్యం లేదు.

ఆవిడ పెట్టిపోయిన ఏర్పాటు ఇంకొకటుంది. ఇరుకు దారి దాటాక, పెద్ద తొట్టి మొదట్లో, గోడ గూట్లో ఒక పుర్రె. ఎవరిదో ఏ కాలానిదో తెలియదు. దిక్కులేని ఆత్మ కదా అని అమ్మమ్మ దాన్ని దత్తత చేసుకుంది. నినెట్టా అని పేరు పెట్టి, వారం వారం దూదితో తుడిచి, దీపం పెట్టేది. పాపాలు కడిగే పైలోకపు మంటల్లో దప్పికతో ఉన్న ఆత్మకి ఆ దీపం కాస్త చల్లదనం ఇస్తుందట. బదులుగా నినెట్టా కలలోకొచ్చి లాటరీ నంబర్లు చెప్పాలి. నలభై ఏళ్ళలో ఒక్కసారే చెప్పింది మహాతల్లి, అది కూడా లాటరీ తీసిన మర్నాడు. అయినా దీపం మానలేదు. ప్రతి ట్రిప్పులో రోసాల్బా తన దీపంతోపాటు పిడికి ఎర్రదారం కట్టిన దీపం ఒకటి పట్టుకెళ్ళి గూట్లో పెట్టి వస్తుంది. తర్వాతి ట్రిప్పుదాకా అది అక్కడే ఉంటుంది; అప్పుడు కొత్తది పెట్టి పాతదాన్ని టికెట్ గదికి తెస్తుంది, కొక్కేల లెక్కలో అది చేరదు.

నవంబరులో ఒక గురువారం, మధ్యాహ్నం రెండు దాటింది. పొద్దుటి చివరి ట్రిప్పు పన్నెండున్నరకే ముగిసింది. అనియెల్లో ఇనప తలుపుకి తాళం వేసి, కింద కరెంటు మెయిన్ స్విచ్ కట్టేశాడు. నాలుగింటిదాకా సెలవు. మామా మేనకోడలూ టికెట్ గదిలో కూర్చుని వంకాయ వేపుడు పెట్టిన రొట్టె తింటున్నారు.

"నిన్న రాత్రి మీ ఇంట్లో ఎలుక కదిలిందట, నువ్వు మంచమెక్కి కేకలేశావట. మీ పక్కింటావిడ చెప్పింది" అన్నాడు అనియెల్లో.

"అది ఎలుక కాదు మావయ్యా, పందికొక్కు."

"అవునులే. రేపటికి గుర్రమవుతుంది."

రోసాల్బా నవ్వుతూ కొక్కేల వైపు చూసింది. నవ్వు అక్కడే ఆగింది. కింది వరసలో, చివరినుంచి మూడో దీపం పిడికి ఎర్రదారం ఉంది.

గూట్లో ఉండాల్సిన దీపం. తన చేత్తో పెట్టి, సిలువ గుర్తు వేసుకుని, వదిలొచ్చిన దీపం.

"మావయ్యా," అంది. "నినెట్టా పైకొచ్చింది."

"ఎన్నాళ్ళకి! నంబర్లడుగు."

"వేళాకోళం కాదు మావయ్యా, ఒట్టు. నేను గూట్లో పెట్టొచ్చాను. అటు చూడు."

అనియెల్లో చూశాడు. ఆయన కూడా ఆ ఊరివాడే కాబట్టి ముందు సిలువ గుర్తు వేసుకున్నాడు. రోసాల్బా కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుంది. ఆ క్షణంలో ఆమెకు తెలిసిన భయం అదొక్కటే, పుర్రె మెట్లెక్కి వచ్చిందని.

తర్వాత అనియెల్లో లేచి కొక్కేల దగ్గరికెళ్ళి దీపాల్ని ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టాడు. దీపాల్ని లెక్కపెట్టొచ్చు, తప్పు లేదు. పదిహేను. మళ్ళీ పెట్టాడు. పదిహేనే.

"టికెట్లు పద్నాలుగు. నీదొకటి. పదిహేను రావాలి, వచ్చాయి. అందుకే నేను తలుపేశాను" అన్నాడు మెల్లిగా. "కానీ ఎర్రదారం దానితో కలిపి పదిహేనమ్మా."

అప్పుడు గుర్తొచ్చాడు పొద్దుటి చివరి ట్రిప్పులోని జర్మన్ పెద్దమనిషి. ఏ వస్తువూ చోటు తప్పి ఉండకూడదనే రకం. మ్యాపుని మడత మీద మడత సరిగ్గా పెట్టుకునేవాడు. పైకొచ్చేటప్పుడు ఆయన చేతుల్లో రెండు దీపాలున్నాయి. ఒకటి పెళ్ళానిదేమో అనుకుంది రోసాల్బా. ఎవరో మర్చిపోయారని నినెట్టా దీపం పుణ్యానికి మోసుకొచ్చాడన్నమాట.

పుర్రె నడిచి వచ్చి ఉంటే ఎంత బాగుండేది! అది పైకి రాలేదు. బతికున్న మనిషెవరో కింద ఉండిపోయారు.

ఎవరు? విద్యార్థులు ఆరుగురూ అల్లరి చేసుకుంటూ వెళ్ళిపోయారు. జర్మన్లిద్దరు. ఫోటోలు తీసుకున్న కుటుంబం. ఇంకా... నల్లబట్టల్లో, ఆకుపచ్చ రుమాలు కట్టుకున్న పెద్దావిడ. కొండల మీది పల్లెనుంచి కంటి ఆసుపత్రికొచ్చి, బస్సుకి టైముందని టికెట్ కొనుక్కున్న మనిషి. ఒంటరిగా వచ్చింది. రాలేదని అడగడానికి ఎవరూ లేరు.

"కొవ్వొత్తి గంటకి మించి రాదు" అంది రోసాల్బా.

గంటన్నర దాటింది. పెద్ద తొట్టి మధ్యలో పాత బావి నోరుంది. దాని చుట్టూ మోకాలెత్తున ఒక తాడు, అంతే.

అనియెల్లో అప్పటికే స్విచ్ వేశాడు. "ఫైర్ వాళ్ళకి ఫోన్ చేస్తాను."

"ఈ సందులోకి వాళ్ళ బండి రావడానికి అరగంట. చీకట్లో ఆవిడ ఒక్క అడుగు అటు వేస్తే?"

ఆయన తన పొట్ట వైపు చూసుకున్నాడు, ఆ తర్వాత మోకాళ్ళ వైపు. ఇరుకు దారిలో ఆయన పట్టడు. ఇరవై ఏళ్ళ కిందటే పట్టడం మానేశాడు. రోసాల్బాకి ఆయన ఏమీ అనకుండానే అర్థమైంది. ఆయన కూడా మొదటిసారి వేళాకోళం ఆడలేదు. దీపం వెలిగించి చేతికిచ్చి, "నేను మెట్ల మొదట్లోనే ఉంటానమ్మా, మాట్లాడుతూనే ఉంటాను" అన్నాడంతే.

ఆయన మాట యాభయ్యో మెట్టుదాకా వినిపించింది. తర్వాత తన చెప్పుల చప్పుడే మిగిలింది. రోజూ తను వేలు పెట్టి చూపించి నవ్వించేవన్నీ, బాంబులకి జనం ఇక్కడ దాక్కున్న యుద్ధంనాటి తుప్పు మంచాలూ, గోడమీద ఎవరో గీకిన విమానం బొమ్మా, ఇవాళ తన్నే చూస్తున్నట్టున్నాయి. రోసాల్బా కళ్ళు నేలమీదే పెట్టుకుని నడిచింది. ఇరుకు దారిలో రాయి ముందూ వెనకా ఒంటికి తగులుతుంటే ఊపిరాడలేదు. వెనక్కి వెళ్ళిపోదామని రెండుసార్లు అనుకుంది. సిగ్గు లేకుండా అనుకుంది.

గూటి ముందు కొవ్వొత్తి మైనం బొట్లు రెండు తాజాగా ఉన్నాయి. ఆవిడ ఇక్కడ ఆగింది. పుర్రె ముందు నిలబడి ప్రార్థన చేసుకుని ఉంటుంది. ఆలోపల అందరూ వెళ్ళిపోయారు. కొవ్వొత్తి ఆరిపోయాక చీకట్లో దారి తప్పి లోపలికి పోయి ఉంటుంది.

"అమ్మా!" అని పిలిచింది రోసాల్బా. గొంతు తొట్టినిండా తిరిగి తన దగ్గరికే వచ్చింది. "అమ్మా, ఎక్కడున్నారు?"

ఎక్కడో లోపల చెప్పు ఈడ్చిన చప్పుడైంది.

"అమ్మా, పలకండి!"

మళ్ళీ ఈడ్పు. ఈసారి ఇంకొంచెం దూరంగా. ఒక చిన్న రాయి దొర్లింది. కాసేపటికి, చాలా కిందనించి, నీళ్ళలో పడ్డ చప్పుడు వచ్చింది.

మనిషి ఉంది. బావి దగ్గరే ఉంది. పిలిస్తే పలకదేం? పిలిచినకొద్దీ వెనక్కి పోతుందేం?

ఆ జవాబు తన నోట్లోంచి వచ్చిందే. పొద్దున సరిగ్గా ఇక్కడే నిలబడి, గొంతు తగ్గించి, అందరికీ చెప్పింది: "ఈ తొట్లలో పొట్టి సన్నాసి ఒకడు తిరుగుతుంటాడు. మనకి తెలిసిన గొంతుతోనే పిలుస్తాడు. పలికినవాళ్ళు ఇక పైకి రారు. ఎవరు పిలిచినా పలక్కండి." పొట్టి సన్నాసి కథ ఊరందరి సొత్తు. పలక్కూడదన్న ముక్క మాత్రం రోసాల్బా సొంతం. విద్యార్థులు కిలకిలమంటారని కల్పించింది. కొండ పల్లె మనిషి కిలకిలమనలేదు. నమ్మింది. ఆఖర్న "అందరూ వచ్చేశారా?" అని తను కేకేసినప్పుడు కూడా ఇందుకే పలకలేదు కాబోలు.

ఇప్పుడు తను ఒక్కసారి పిలిస్తే ఆవిడ ఒక్క అడుగు వెనక్కి వేస్తుంది. ఇంక ఎన్ని అడుగులున్నాయో ఎవరికి తెలుసు? దీపం పట్టుకుని ముందుకెళ్తే, చీకట్లోంచి దానంతటదే కదిలొచ్చే వెలుగుని చూసి ఆవిడ పరుగెత్తితే?

చేతిలోంచి గిన్నె జారింది. రాతిమీద ఖణేలుమని దొర్లి, దీపం కొండెక్కింది.

రోసాల్బా జీవితంలో అలాంటి చీకటి చూడలేదు. ఇరుకు దారి అవతలి వెలుతురు ఇక్కడిదాకా రాదు; కళ్ళు మూసినా తెరిచినా ఒకటే. అగ్గిపెట్టె టికెట్ గదిలో, రొట్టె పక్కన ఉండిపోయింది. పక్కనే గూట్లో నినెట్టా. ఎదురుగా బావి. గోడకి జారి కూర్చుంది. పిలవకూడదు, కదలకూడదు, కనీసం ఏడుపైనా నొక్కుకుందామని చేత్తో నోరు మూసుకుంది. ఆగలేదు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి వెక్కి వెక్కి ఏడ్చింది.

"నాకు భయమేస్తోంది" అంది ఎవరితోనూ కాకుండా. "నాకు చీకటంటే భయం. చిన్నప్పట్నించీ అంతే. దేవుడా, నాకు భయమేస్తోంది."

బావి వైపునుంచి ఒక ముసలి గొంతు వచ్చింది.

"ఏడవబాక బిడ్డా."

రోసాల్బా తలెత్తి చీకట్లోకి చూసింది.

"ఏడవబాక. నేనుండాలే. గోడ పట్టుకోని ఆడనే కూచో, నేనొస్తా."

"మీరు రావద్దు! బావి... మీ పక్కన బావి ఉంది!" అని అరిచింది రోసాల్బా.

"తెలుసు. తాడు నా కాళ్ళకాడనే ఉంది. దాన్ని దాటితే పడిపోతానని ఆడనే నిలబడుండా. నీ గొంతు యాడుందో అట్నే మాట్లాడతా ఉండు, దాని దిక్కుకొస్తా."

రోసాల్బా మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఆమెకే తెలియదు. వంకాయ వేపుడు, పందికొక్కు, మావయ్య మోకాళ్ళు, పదకొండేళ్ళలో ఒంటరిగా దిగిన రోజు ఇదేనన్న మాట. చెప్పు ఈడ్పులు ఒక్కొక్కటే దగ్గరికొచ్చాయి. ఒకచోట ఆగిపోయాయి. మళ్ళీ కదిలాయి. చివరికి ఎండు చెయ్యి ఒకటి ఆమె తల తడిమి, బుగ్గ తడిమి, తడి తుడిచింది.

"వెచ్చగానే ఉండావే" అంది పెద్దావిడ ఆశ్చర్యంగా.

ఆవిడ పేరు దొనాతా. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని, గోడ తడుముకుంటూ ఇరుకు దారి నోటికొచ్చారు. అవతల కరెంటు వెలుతురు సన్నగా కనిపించింది. అది చూశాక రోసాల్బా అడిగింది.

"అంతసేపు పలకలేదు కదమ్మా, మరి అప్పుడెందుకు పలికారు? నేను బతికున్నదాన్నని తెలిసిందా?"

"యాడ తెలిసింది? చచ్చినదానివే అనుకున్నా. పలికితే ఈడనే ఉండిపోతానని నువ్వేగా పొద్దున చెప్పింది." దొనాతా రుమాలు సర్దుకుంది. "అయితే మాత్రం, భయమేస్తందని పిల్ల ఏడస్తా ఉంటే పలక్కుండా ఎట్ట ఉంటాం?"

మెట్ల మొదట్లో అనియెల్లో ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, గొంతు బొంగురుపోయి. ఇద్దరినీ చూసి మాట ఆపేసి, అక్కడే మెట్టుమీద కూలబడ్డాడు. దొనాతాకి కాఫీ తాగించి, బస్సు దగ్గరికి ఆయనే స్వయంగా దిగబెట్టి వచ్చాడు.

నాలుగింటికి పన్నెండుమంది వచ్చారు. రోసాల్బా ఇనప తలుపు దగ్గర నిలబడి, వేలెత్తి, అమ్మమ్మని మనసులో క్షమాపణ అడిగి, ఒక్కొక్క తలనీ చూపిస్తూ పైకి లెక్కపెట్టింది. అనియెల్లో చూసి కూడా అడ్డు చెప్పలేదు. గూట్లో ఎర్రదారం దీపం పెట్టి, ఇది ఇక్కడే ఉండాలి, ఎవరూ తియ్యొద్దని అందరికీ చెప్పింది.

పెద్ద తొట్టి దగ్గర ఎప్పటిలాగే గొంతు తగ్గించి పొట్టి సన్నాసి కథ మొదలెట్టింది. అందరూ పక్కవాళ్ళ చేతులు పట్టుకున్నారు. పలక్కూడదన్న ముక్క నోటిదాకా వచ్చింది.

"ఇక్కడ ఎవరు పిలిచినా," అని ఆగింది రోసాల్బా, "వెంటనే పలకండి. గొంతు ఎవరిదైనా సరే."

వెనక ఎవరో నవ్వారు. ఆమె ఆ నవ్వు ఆగేదాకా ఉండి, ఆ మాటే మళ్ళీ చెప్పింది.