మోయవలసినది

నోట్లో థర్మామీటరు ఉన్నంతసేపూ మాట్లాడకూడదు. నెలలో అండం విడుదలయ్యే రోజు పట్టుకోవాలంటే, పక్క దిగకముందే, ఒక్క మాటైనా పలకకముందే ఒంటి వేడి చూసుకుని గళ్ల కాగితం మీద చుక్క పెట్టుకోవాలన్నది వైద్యుల ఆజ్ఞ. సరిగ్గా ఆ రెండు నిమిషాల్లోనే మా వారికి మేజోళ్లు కనిపించవు, అత్తయ్యకు పంచదార డబ్బా కనిపించదు. నేను వేలితో చూపిస్తే, "నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయి కాబోలు" అనేది ఆవిడ. రాలేవి ముత్యాలే అయితే దిగులు లేకపోయేది. నాకు నలభై ఒకటి నడుస్తోంది; నెలకు ఒకటి చొప్పున నాలో రాలిపోతున్నవి వేరు.

నేను కోర్టులో స్టెనోగ్రాఫరును. సాక్షి ఏ మాట అంటే ఆ మాటే రాయడం నా వృత్తి. దాన్ని దిద్దడానికి గానీ మెత్తబరచడానికి గానీ నాకు అధికారం లేదు. ఆ అలవాటు నా వెంట ఇంటికి కూడా వచ్చింది. పెళ్లయిన ఈ తొమ్మిదేళ్లుగా ఎవరు ఏమన్నారో పొల్లుపోకుండా నాలో నమోదై ఉంది. ఆడపడుచు తన బిడ్డను నా చేతికి అందించబోయి, "ఉండు వదినా, వీడికి కొత్త" అని వెనక్కి తీసుకుంది. తోటి ఉద్యోగినులు ప్రసూతి సెలవు మీద వెళ్లినప్పుడల్లా వారి పని నా బల్ల మీదికి వచ్చేది. "నీకేం, పిల్లాజెల్లానా, ఇంకో గంట కూర్చుంటావు" అనేవారు పై అధికారి. అలా ఐదుగురి కాన్పులకు నా సాయంత్రాలు పోయాయి. మా వారు మాత్రం ఎన్నడూ కఠినంగా మాట్లాడలేదు. నీ మందులు వేసుకున్నావా, నీ రిపోర్టు వచ్చిందా, నీకు ఈసారైనా నెల తప్పుతుందా అని అడిగేవారు. వ్యాకరణరీత్యా ఆ వాక్యాల్లో దోషం లేదు. 'మన' అన్న మాట మాత్రం వాటిలో లేదు.

ఒకనాడు ఒక దంపతుల తగవు విచారణలో, ఎవరి దగ్గర పెరగాలో తేలని మూడేళ్ల పాప వరండాలోని బెంచీ మీద కూర్చుని కూర్చుని నా భుజం మీదికి ఒరిగి నిద్రపోయింది. భోజన విరామం ముగిసి పిలుపు వచ్చేవరకు నేను కదలలేదు, తినలేదు. పాప చొంగకు భుజం మీద బట్ట తడిసింది. ఇంటికి వచ్చాక దాన్ని ఉతకడానికి చేతులు రాక, మడిచి దిండు కింద పెట్టుకున్నాను. విడిచిన బట్ట ఇక్కడేమిటంటూ మా వారు దాన్ని తీసి వాషింగ్ మెషీన్లో వేశారు. ఆయన తప్పేమీ లేదు. నేను చెప్పలేదు.

ఈ ఏడు చూపించుకున్న కొత్త డాక్టరు నాకంటే పదేళ్లు చిన్నది. భర్తకు పరీక్ష చేయించకుండా ఇంకొక్క మందు కూడా రాయనని కచ్చితంగా చెప్పింది. తమ వంశంలో ఎవరికీ ఆ లోటు లేదంటూ అన్నాళ్లూ తప్పించుకున్న మనిషికి వెళ్లక తప్పలేదు. రిపోర్టును ఆమె మా ఇద్దరికీ కనబడేలా తిప్పి పెట్టింది. లోపం ఆయనలో ఉంది. దారి మూసుకుపోలేదనీ, చిన్న సూదితో ఆయన నుంచి వీర్యకణాలు తీసి ల్యాబులో నా అండంతో కలపవచ్చుననీ, నా వయసు ఆగదు కనుక ముందు నా అండాలను తీసి భద్రపరచడం మేలనీ, ఆ పని సోమవారమే మొదలుపెట్టవచ్చుననీ వివరించింది.

ఆయన ఆ కాగితాన్ని మడిచారు. "అయితే మనకి సమస్య ఉందన్నమాట" అన్నారు.

ఎన్నేళ్లుగా ఎదురుచూసిన మాట, చివరికి ఎక్కడ దొరికింది!

కారులో కూర్చున్నాక ఆయన ఇంజను తిప్పలేదు.

"అమ్మకి చెప్పకు. నీలోనే ఏదో ఉందని చెప్పు."

నేను ఆయన వంక చూశాను.

"ఎలాగూ అందరూ అలాగే అనుకుంటున్నారు కదా. ఇంకొన్నాళ్లు అనుకుంటే నీకు కొత్తగా పోయేదేముంది? నువ్వు అలా చెప్తేనే నేను ఆ సూదికి వస్తా."

ఆ షరతును అసహ్యించుకున్నానని చెప్పుకుంటే నాకు గౌరవంగా ఉండేది. జరిగింది అది కాదు. నేను ఒప్పుకున్నాను. ఇంతేనా, ఇంత తేలికా అని లోలోపల సంతోషించాను కూడా. బిడ్డను ఇస్తామంటే ఇంతకంటే పెద్ద అబద్ధమైనా ఆడి ఉండేదాన్నేమో.

ఇంటికి చేరేసరికి అత్తయ్య ఆరిన దుప్పట్లు మడతపెడుతోంది. రెండు కొసలు నాకు అందించింది. చెరొకవైపు పట్టుకుని దులిపాము. డాక్టరు ఏమన్నదని అడిగింది.

"నాలోనే ఉందట అత్తయ్యా."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. మడత కలపడానికి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించింది.

"అలా చెప్పమన్నాడా వాడు?"

నేను నా కొసలను ఆవిడ కొసలకు కలిపాను.

"వాళ్ల నాన్నదీ ఇదే కథ. పదకొండేళ్లు గొడ్రాలినని నేనే అనిపించుకున్నా. ఏవో మందులు పనిచేసి వీడు పుట్టాడు. మగాడి లోటు వీధిలో పడకూడదమ్మా. నేను మోశాను. నువ్వూ మొయ్యి."

అంటే తొమ్మిదేళ్లుగా ఆవిడకు అనుమానం ఉంది. ఉండీ నన్ను అన్నది. ఆశ్చర్యమేమంటే ఆవిడ గొంతులో కపటం లేదు. ఎంతో దూరం తెచ్చిన బరువును పక్కవారికి అందించేవారి నిట్టూర్పు మాత్రమే ఉంది. ఆ క్షణంలో నాకు భయం వేసింది. ఇంకో ముప్పై ఏళ్లకు, ఎవరో అమ్మాయికి దుప్పటి కొసలు అందిస్తూ, ఇవే మాటలు ఇదే మంచితనంతో చెప్పబోయే నన్ను నేను చూశాను.

"మొయ్యాలనే కదండీ అత్తయ్యా నా ఆరాటమంతా. కానీ నేను మొయ్యాలనుకుంటున్నది బిడ్డని. నిందని కాదు. లోపం ఆయనలో ఉందన్నారు, నాలో కాదు."

దుప్పటి మా ఇద్దరి మధ్యా జారింది. మా వారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. విన్నారు. ఆ సూదికి రానని అనలేదు, వస్తాననీ అనలేదు. చెప్పులు విప్పకుండానే తిరిగి బయటకు నడిచారు. ఆయన వెంట నా కోరిక కూడా మెట్లు దిగి వెళ్లిపోతున్నట్టే అనిపించి, పిలుపు నోటి దాకా వచ్చింది.

పిలవలేదు. దుప్పటి తీసి, ఒక్కదాన్నే మడతపెట్టి, ఆసుపత్రికి ఫోను చేశాను. అండాలు భద్రపరిచే పనికి సోమవారం నా పేరు రాసుకోమన్నాను. తోడు ఎవరు వస్తున్నారని అటువైపు అమ్మాయి అడిగింది.

"ఆయన సంగతి నాకు తెలియదమ్మా. నేను మాత్రం వస్తున్నాను."